హీటరుకు కొట్టిన కొబ్బరికాయ

ఇన్నేళ్ల పనిలో నా చేతుల మీదుగా చెడిపోయిన యంత్రం ఒకే ఒక్కటి. అది కూడా భక్తి ఎక్కువై చెడిపోయింది.

వనపర్తిలో మోకాళ్లకూ నడుములకూ కసరత్తు చేయించే చిన్న కేంద్రం ఒకటి ఉంది. అక్కడ వేడినీళ్ల తొట్టి చూసుకోవడం నా ఉద్యోగం. పెద్దమందడి పక్క పల్లెలో పుట్టి, పొలాల్లో బోరు మోటార్లు బాగుచేస్తూ పెరిగి, పనికోసం పూణె పోయి, అక్కడ పెద్దిళ్లవాళ్ల ఈతకొలనులు కడుగుతూ కొన్నేళ్లు గడిపాను. ఆ విద్యతోనే తిరిగొచ్చి ఇక్కడ కుదురుకున్నాను. మా తొట్టి ఈతకొలనంత పెద్దది కాదు. ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, మనిషి దిగితే ఛాతీ దాకా నీళ్లు. ఆపరేషన్ అయినవాళ్లు అందులో కమ్మీ పట్టుకుని నిలబడి కాళ్లు వంచుతారు. నీళ్లు ఎప్పుడూ ముప్పై నాలుగు డిగ్రీల వెచ్చన ఉండాలి. ఆ వెచ్చదనమంతా పక్క గదిలో గోడకు బిగించిన కరెంటు హీటరు చలవ. ఆ హీటరు తెలివంతా దాని పెట్టెలో ఉన్న అరచేతి వెడల్పు సర్క్యూట్ బోర్డుది.

నేను రాకముందు ఆ బోర్డు రెండుసార్లు కాలిపోయిందట. మొదటిసారి ఎవరో మహానుభావుడు క్లోరిన్ డబ్బాను హీటరు కిందే పెట్టాడు. ఆ ఆవిరికి బోర్డు మీది రాగి తీగలు పచ్చగా చిలుం పట్టి తెగిపోయాయి. రెండోసారి బల్లి దూరింది. నేను రాగానే క్లోరిన్ డబ్బాను వెనక షెడ్డుకు పంపించాను. పెట్టెకున్న ప్రతి కంతకూ సన్న జాలీ కొట్టాను. స్టెబిలైజర్ పెట్టించాను. ఆకాశంలో ఉరుము వినబడితే చాలు, తొట్టిలో ఎవరున్నా సరే బయటికి రమ్మని మెయిన్ దించేసేవాణ్ని. గది తలుపు మీద సుద్దముక్కతో రాశాను: చెప్పులు బయట, తడి చేతులు బయట, ముచ్చట్లు బయట.

నా పెత్తనం ఎంతదాకా పోయిందంటే, ఆ కేంద్రం నడిపే డాక్టరమ్మ ఒకరోజు మరిచిపోయి తడి టవలు హీటరు మీద వేసింది. "మేడమ్, అది టవల్ ఆరేసుకునే దండెం గాదు" అన్నాను. ఆమె సారీ చెప్పి తీసేసింది. జీతమిచ్చే మనిషి చేత సారీ చెప్పించుకున్నానని రెండు రోజులు నేల మీద నడవలేదు నేను.

ఆ రోజుల్లోనే గద్వాల నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. గుంట మగ్గం మీద చీరలు నేసే మనిషి. నేలలో తవ్విన గుంటలో కాళ్లు దించి, అంచు మీద కూర్చుని, కాలితో కర్రలు తొక్కుతూ నేస్తారు. నలభై ఏళ్లు అలా తొక్కీ తొక్కీ కుడి మోకాలు అరిగిపోతే కర్నూలులో ఆపరేషన్ చేయించుకున్నాడు. కొత్త మోకాలైతే పెట్టారు గానీ అది వంగడం లేదు. దీపావళి లోపల తొంభై డిగ్రీలు వంగకపోతే మళ్లీ మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుందని అక్కడి డాక్టర్లు చెప్పి పంపించారు. తొంభై అంటే కుర్చీలో కూర్చున్నంత వంపు. మగ్గం గుంటలో కాళ్లు దించి కూర్చోవడానికి కావలసిందీ అంతే. ఆయన మా దగ్గరికి వచ్చిననాడు డాక్టరమ్మ కోణం కొలిచే స్కేలు పెట్టి చూస్తే అరవై ఎనిమిది.

కేంద్రంలోనే వెనక గది ఇచ్చాం. ఆయన భార్య గద్వాలలోనే ఉండిపోయింది. ఇంట్లో మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. అది ఇద్దరు కూర్చుని నేసే చీర, ఒక్కతే నేయలేదు. దుమ్ము పడకుండా దాని మీద పాత తెల్లబట్ట కప్పి, ఎలుకలు రాకుండా కాపలా కాస్తోందట. రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఒకటే ప్రశ్న: "ఎన్నొచ్చింది?"

మహర్నవమి నాడు పొద్దున ఆయుధపూజ. లారీకీ ట్రాక్టరుకూ కుట్టుమిషనుకూ బొట్టు పెట్టుకునే ఊళ్లో నా హీటరు ఏం పాపం చేసింది? పొడిబట్టతో తుడిచాను. తడిబట్ట వాడలేదని గమనించగలరు, నా జాగ్రత్త అలాంటిది. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, పైన ఒక నిమ్మకాయ. పెద్దాయన చేతికర్ర పట్టుకుని గడప దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"డబ్బాకు వెడ్తివి బొట్టు. ప్రాణం లోపల గదరా ఉన్నది" అన్నాడు.

"లోపల ఎందుకు కాకా?"

"మా ఇంట్ల మగ్గం నాడెకు వెడ్తం, పన్నెకు వెడ్తం, కాళ్ల కింద తొక్కే కర్రకు గూడ వెడ్తం. నా మోకాలు ఇప్పుడు గా మిషిన్ చేతుల ఉన్నది. జర మంచిగ చెయ్యి పూజ."

ఆ మాట నాకు నిజమే అనిపించింది. మెయిన్ దించాను. నాలుగు స్క్రూలు తీసి మూత తెరిచాను. బోర్డు మూలన, తీగలు లేని చోటు చూసుకుని, కుంకుమ బొట్టు పెట్టాను. కొబ్బరికాయ తీసుకుని కింది ఇనుప చట్రానికి కొట్టాను. ఇంతవరకూ తప్పేమీ లేదు.

మా పొలాల్లో బోరు మోటారుకు కాయ కొడితే ఆ నీళ్లు మోటారు మీదే పోస్తారు, చల్లగా నడువమ్మా అని. అది ఇనుప ముద్ద, ఎన్ని నీళ్లు పోసినా ఏమీ అనుకోదు. చిన్నప్పటి నుంచీ ఎన్ని మోటార్లకు అలా పోశానో. ఆ అలవాటు చేతిదే గానీ తలది కాదు. తల వద్దనే లోపలే చిప్పలోని నీళ్లు బోర్డు మీద ఉన్నాయి.

భుజం మీది టవలుతో అద్దాను. నోటితో ఊదాను. అట్ట ముక్కతో విసిరాను.

"దేవుని నీళ్లు రా, ఏం గాదు" అన్నాడు పెద్దాయన. ఆ ధైర్యంతోనే మూత బిగించి మెయిన్ ఎత్తాను. ఠప్‌మంది. కాలిన వాసన వచ్చింది. అంకెలు వెలగాల్సిన చోట చీకటి. నిమ్మకాయ మాత్రం పెట్టినచోట పెట్టినట్టే ఉంది.

"కాకా, ఇది మన ఇద్దరికే తెల్వాలె" అన్నాను.

"ఏది?" అన్నాడు ఆయన, కొబ్బరిముక్క నములుతూ.

అబద్ధం ఏం చెప్పాలో నాకు ముందే తెలుసు. బల్లి. దానికి పాత నేరచరిత్ర ఉంది కదా. కావాల్సిందల్లా ఒక శవం. మా కేంద్రంలో గోడ గోడకూ బల్లులే, కానీ అవసరానికి చచ్చింది ఒక్కటి దొరకదు. మంచాల కింద వెతికాను, కిటికీ సందులు వెతికాను. ఆఖరికి సామాన్ల గదిలో ట్యూబులైటు డబ్బాలో ఒకటి కనబడింది. ఎప్పుడు పోయిందో ఏమో, అప్పడంలా ఎండి ఉంది. తోక విరగకుండా భద్రంగా తెచ్చి బోర్డు పక్కన పడుకోబెట్టాను.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చింది. బల్లిని కాగితంతో పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"పొద్దున చచ్చిందా ఇది?"

"ఔ మేడమ్, పొద్దుగాలనే."

"పాపం, మస్తు తొందరగ ఎండింది."

"కరెంటు మేడమ్. కరెంటు కొడితే గంతే."

ఆమె తల ఊపింది. నా జాలీ దాటి బల్లి ఎలా దూరిందని అడుగుతుందేమోనని జాలీకి అడ్డంగా నిలబడ్డాను. అడగలేదు. కొత్త బోర్డుకు ఫోన్ చేసింది. పండుగ రోజులు, పైగా పూణె నుంచి రావాలి, ఎనిమిది తొమ్మిది రోజులు పడుతుందన్నారు. ఆమె పెద్దాయన వైపు తిరిగి, చల్లనీళ్లలో మోకాలు ఇంకా బిగుసుకుంటుంది, బోర్డు వచ్చేదాకా తొట్టిలో దిగొద్దని చెప్పింది.

"ఎనిమిది రోజులా?" అన్నాడు పెద్దాయన. చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి మోకాలి వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. దీపావళికి ఇరవై రోజులు. అప్పటిదాకా నాకు ఇదంతా తప్పించుకునే ఆటగానే ఉంది. ఆయన అలా కూర్చోవడం చూశాక నిజంగా సిగ్గేసింది.

డాక్టరమ్మ వెళ్లాక ఆయనే సలహా ఇచ్చాడు. "డైరెక్ట్ ఇయ్యి. బోరు స్టార్టర్ కాలితే ఇయ్యరా గట్ల?"

"ఇస్త కాకా. బోర్డు లేకపోతే వేడి ఎక్కడ ఆగాల్నో దానికి తెల్వదు. నిన్ను తొట్టిల ఉడకబెట్టి మీ ఆమెకు పార్శిల్ పంపాల్నా?"

అలా కాదని, పండుగ మర్నాడు టెంట్ హౌస్‌కు పోయి పెళ్లిళ్లలో బిర్యానీ వండే డేగిశా కిరాయికి తెచ్చాను. కేంద్రం వెనక మూడు రాళ్లు పెట్టి, కట్టెలు తెచ్చి, మంట వేశాను. తొట్టి ముప్పై నాలుగుకు రావాలంటే పదమూడు బకెట్ల మరిగే నీళ్లు పోయాలి. అంతకుముందు అన్నే బకెట్ల చల్లనీళ్లు తోడి పారబోయాలి. అంటే రోజుకు ఇరవై ఆరు బకెట్లు. పూణె పోయిన కొత్తలో, ఈతకొలనుల పని దొరక్కముందు, ఇటుకలు మోసినప్పుడు కూడా నా భుజాలు అంత ఏడవలేదు.

డాక్టరమ్మ వరండాలో నిలబడి చూసేది. "నీలాంటి పనిమంతుడు దొరకడు" అని వచ్చిన వాళ్లందరికీ చెప్పేది. ఆమె పొగిడిన ప్రతిసారీ బకెట్టు ఇంకో రెండు కిలోలు బరువెక్కేది.

మొదటి రోజు పెద్దాయన దిగి, ముక్కు ఎగబీల్చి, "నీళ్లల్ల షాజీర వాసనొస్తుంది రా. ఉప్పు సరిపోయిందా సూడు" అన్నాడు. తర్వాత కమ్మీ పట్టుకుని నిలబడి ముచ్చట్లు మొదలుపెట్టాడు. మల్దకల్ జాతరలో తప్పిపోయిన ఎద్దు గురించి చాలా పెద్ద కథ. ఎద్దు ఇంకా దొరకలేదు, నీళ్లు ముప్పై రెండుకు దిగాయి.

కథ మధ్యలో ఆయన లెక్క ఏడు నుంచి పదిహేనుకు దూకడం విన్నాక తెలిసింది నాకు, హీటరు నడిచిన రోజుల్లో ఈయన చేసిన నిర్వాకం. డాక్టరమ్మ ఇరవైసార్లు వంచమని చెప్పి వేరే వాళ్ల దగ్గరికి పోయేది. ఈయన ఏడు తర్వాత పదిహేను, పదిహేను తర్వాత ఇరవై లెక్కపెట్టి బయటికి వచ్చేవాడు. నీళ్లు వాటంతటవే వెచ్చగా ఉంటున్నాయి గనక అడిగేవాడు లేడు. నాకు ఒళ్లు మండింది.

"ఇరవయ్యారు బకెట్లు మోసింది నీ ఎద్దును ఎతకనీకెనా? వంచు!"

"ఏంది రా గట్ల అరుస్తవు? పెద్దమనిషిని."

"పెద్దమనిషివే. వంచు."

తొట్టి గట్టు మీద కూర్చుని నేనే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నా లెక్కలో ఏడు తర్వాత ఎనిమిదే వచ్చేది. పదిహేనుకు ఆయన "సాకు రా, సాకు!" అని సరిహద్దు ఊరి అలవాటు కొద్దీ కన్నడంలో మొత్తుకునేవాడు. చాలని ఏ భాషలో చెప్పినా ఇరవై దాకా వదిలేవాణ్ని కాదు. పొద్దున ఒకసారి, నీళ్లు వృథా పోకూడదని గంట ఆగి మళ్లీ ఒకసారి. డెబ్బై ఒకటి వచ్చింది. డెబ్బై నాలుగు వచ్చింది.

సాయంత్రం ఫోన్ మోగేది. "ఎన్నొచ్చింది?"

"ఎనభై రెండు" అనేవాడు డెబ్బై నాలుగు వచ్చిన మనిషి.

"నేను నమ్మ. చీర మూరలు గూడ నువ్వు ఎప్పుడు ఎక్కువనే చెప్తవు" అని ఆమె పెట్టేసేది. నేను ఆయన వైపు చూస్తే, "నువ్వు బల్లిని జెప్పలేదా?" అనేవాడు.

నాలుగో రోజో ఐదో రోజో, పన్నెండు దగ్గర ఆగిపోయాడు. నేను మళ్లీ అరవబోతే చెయ్యెత్తి ఆపాడు.

"నొప్పికి గాదు రా నేను ఆపేది" అన్నాడు. "రేపు ఇది వంగుతది అనుకో. వంగినంక గూడ గుంటల కూసోనీకె రాకపోతే? ఇప్పుడంటే మోకాలు వంగుతలేదు అని చెప్పుకుంటున్న. అప్పుడు ఏం చెప్పుకోవాలె? నాకు గీ పని దప్ప ఇంకోటి తెల్వదు."

నాకు మంచి మాటలు చెప్పడం రాదు. నా నోటికి అరవడమే అలవాటు. తొట్టిలో చెయ్యి పెట్టి చూసి, నీళ్లు చల్లారాయని లేచి ఇంకో బకెట్టు తెచ్చి మెల్లగా ఆయన కాళ్ల పక్కన పోశాను. కాసేపటికి ఆయనే అన్నాడు, "పదమూడు."

ఈలోగా ఇంకో తలనొప్పి మొదలైంది. హీటరు గదిలోకి చీమలు. కిటికీ నుంచి గోడ మీదుగా హీటరు పెట్టె దాకా తిన్నగా బారు. బల్లికి పనికొచ్చిన నా జాలీ చీమలకు అడ్డేం కాలేదు. పసుపు చల్లాను, సుద్దగీత గీశాను. కొబ్బరినీళ్ల తీపి వాటికి ఎవరు చెప్పారో గానీ చుట్టాలందరినీ పిలుచుకొచ్చాయి. డాక్టరమ్మ రాకముందే తుడవడం నా ఉదయపు పనుల్లో మొదటిదైంది.

"బల్లి కోసం ఇన్ని చీమలా?" అన్నాడు పెద్దాయన. "మస్తు తియ్యటి బల్లి ఉన్నట్టుంది."

తొమ్మిదో రోజు నాగర్‌కర్నూల్ నుంచి మెకానిక్ కొత్త బోర్డు పట్టుకుని వచ్చాడు. పెద్దాయన తొట్టిలో ఉన్నాడు. డాక్టరమ్మ గడప దగ్గర నిలబడింది. నేను మెకానిక్ పక్కనే, అడక్కపోయినా స్క్రూడ్రైవర్లు అందిస్తూ. మూత తీయగానే లోపలి నుంచి చీమలు అతని చేతి మీదికి పాకాయి. వాటికి నేను సిద్ధంగానే ఉన్నాను. వానాకాలం పోయాక ఇక్కడ చీమలు ఎక్కువని చెప్పాను. అతను టార్చి వేసి లోపలికి చూశాడు.

"బోర్డు కాల్చింది బల్లి అన్నరు గదా?"

"ఔ" అన్నాను.

"మరి గిదేంది? బల్లి బొట్టు వెట్టుకొని వొచ్చిందా?"

బోర్డు మూలన, నేను పెట్టిన చోటే, గుండ్రంగా, ఎర్రగా, కుంకుమ. కేంద్రమంతా గాలించి శవాన్ని తెచ్చినవాణ్ని, బొట్టు తుడవడం మరిచిపోయాను.

తొట్టిలోంచి పెద్దాయన గట్టిగా అరిచాడు. "నేనే వెట్టమన్న! మేడమ్, తప్పు నాది. పిల్లగాన్ని ఏమనకుండ్రి."

"లే మేడమ్, కొబ్బరికాయ కొట్టింది నేను. నీళ్లు వోసింది నేను. బల్లిని తెచ్చింది గూడ నేనే" అన్నాను. ఒక్కసారి నోరు తెరిచాక ఆపుకోలేకపోయాను. మోటార్ల సంగతీ, చేతి అలవాటు సంగతీ, అంతా చెప్పేశాను. చెబుతుంటే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, ఎందుకు దాచాలి.

డాక్టరమ్మ అంతా విని, "నాకు ఆ రోజే తెలుసు" అంది. "నీ బల్లి మీద ట్యూబులైటు దుమ్ముండె. గది నిండ కొబ్బరికాయ వాసన ఉండె."

"మరి అడగలేదేంది మేడమ్?"

"అడిగితే ఒప్పుకుంటుంటివి. ఒప్పుకున్నంక నీ మనసు తేలికయ్యేది. అప్పుడు ఇరవయ్యారు బకెట్లు ఎవరు మోసేటోళ్లు?"

మెకానిక్ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నాడు. ఆ సాయంత్రం హీటరు మళ్లీ వెలిగింది. తలుపు మీద నేను రాసిన మూడు మాటల కింద నాలుగోది కనబడింది, డాక్టరమ్మ చేతిరాతలో: కొబ్బరికాయ బయట. అది ఇప్పటికీ అక్కడే ఉంది. నేనే అప్పుడప్పుడు సుద్దతో దిద్దుతుంటాను.

ఆ రోజు కొలిస్తే ఎనభై నాలుగు. నీళ్లు వాటంతటవే వెచ్చబడుతున్నా నేను గట్టు మీది నుంచి లేవలేదు. మర్నాడు పెద్దాయన ఏడు తర్వాత పదిహేను అని చూశాడు. పొయ్యి ఆరిపోయినా డేగిశా ఇంకా వెనకే ఉందని గుర్తుచేశాను.

దీపావళి ముందురోజు డాక్టరమ్మ ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి స్కేలు పెట్టింది. ఎనభై ఎనిమిది. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. "జర ఆగుండ్రి" అని, మంచం పట్టె గట్టిగా పట్టుకుని, పళ్లు బిగించి మళ్లీ వంచాడు. డాక్టరమ్మ స్కేలు సరిచేసి, వంగి ఒకటికి రెండుసార్లు చూసింది.

"తొంభై ఒకటి."

"చెప్పలేదా నేను?" అన్నాడు పెద్దాయన రొప్పుతూ, నా వైపు తిరిగి. "కొబ్బరికాయ ఊకెనే పోదు రా."

ఫోన్ ఆయనే చేశాడు. స్పీకరులో గొంతు వినబడింది. "ఎన్నొచ్చింది?"

"తొంభై ఒకటి."

"నిజంగ ఎన్నొచ్చింది?"

ఆయన ఫోన్ నాకు అందించాడు. "నిజమే అవ్వా, తొంభై ఒకటి" అన్నాను.

"నువ్వు బల్లి పిల్లగానివి గదా? మేడమ్‌కు ఇయ్యి."

డాక్టరమ్మ ఫోన్ తీసుకుని, తొంభై ఒకటేనని, రేపు ఇంటికి పంపిస్తున్నామని చెప్పింది. ఫోన్ కట్ అయిందేమోనని డాక్టరమ్మ చెవి దగ్గర పెట్టుకుని చూసింది. అప్పుడు బట్ట పట్టి గట్టిగా దులిపిన చప్పుడు వినబడింది, ఒకసారి, మళ్లీ ఒకసారి. పెద్దాయన తల పక్కకు తిప్పుకున్నాడు.

"మగ్గం మీది బట్ట తీసిన" అంది ఆమె. "రేపు జల్ది రమ్మనుండ్రి."